సమ్మతి వచ్చేదాకా

వైశాఖం. ఉక్క. సముద్రం కదలడం లేదు.

ఇక్కడ రాస్తున్నవి పేజీలో పెట్టేవి కావు. పేజీలో పెట్టేవాటికి నవ్వు ఉండాలి, ఆశ ఉండాలి, చివర్లో ఒక ప్రశ్న ఉండాలి. "మీరైతే ఏం చేసేవారు?" అని అడగాలి. అడిగితే జనం ఆగుతారు. వాళ్ళు ఆగితేనే మాకు కరెంటు.

పొద్దున బ్యాటరీ గదిలోకి వెళ్ళి చూశాను. మీటరు ముల్లు సగం కిందికి దిగిపోయింది. తుపాను వచ్చి చాలా రోజులైంది కాబట్టి మెట్ట మీది జనానికి మేం గుర్తుండం. 'తోడు' నెట్‌వర్క్‌లో మా పేజీకి ఎంతమంది తోడు ఇచ్చి ఉంచితే, అన్ని ఇళ్ళ కప్పుల మీది సౌరపలకల నుంచి తలా కాస్త కరెంటు తీగల్లేకుండానే మా పడవకు వస్తుంది. ఒక్క నొక్కుతో ఇవ్వచ్చు. ఒక్క నొక్కుతో తీసేయచ్చు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక పల్లానికి వచ్చే లైన్లన్నీ ప్రభుత్వం తీసేసింది. ఇక్కడ ఉండిపోయినవాళ్ళకు అదొక్కటే దారి.

మా రేవు ఒక పాత ఫ్లైఓవర్. దాని రెయిలింగుకే పడవ కట్టుకుంటాం. నీళ్ళ మీద ఆపదలో పడినవాళ్ళు రేడియోలో పిలుస్తారు, మేం వెళ్ళి తెస్తాం. సంస్థ పేరు 'ఒడ్డు'. సుక్కాని పట్టేది మైలపల్లి దానయ్య, నేను మావా అని పిలుస్తాను. తాళ్ళు, వలలు, దెబ్బలు తగిలినవాళ్ళను చూసుకునేది అప్పలకొండ. పేజీ నడిపేది నేను, నీలవేణి. కార్యదర్శి భానోజీ గారు మెట్ట మీద ఉంటారు. మాకు తెరలోనే కనిపిస్తారు.

ఈరోజు అప్పలకొండ చేపల పులుసు పెడుతుంటే తీసి పేజీలో వేశాను. బాగానే చూశారు. ముల్లు కాస్త లేచింది.

"ఒలే నీలా, పడవ నా పులుసు మీద నడస్తన్నాదేటి?" అని అడిగింది అప్పలకొండ.

అవునన్నాను.

"అయితే రేపు పీతలు," అంది.


జ్యేష్ఠం. సాయంత్రాలు మబ్బు.

పులుసు, పీతలు, వల కుట్టడం, దానయ్య మావ మీసం దువ్వుకోవడం, అన్నీ అయిపోయాయి. ముల్లు మళ్ళీ దిగింది. భానోజీ గారు తెరలోకి వచ్చి, "వాళ్ళకి చూడ్డానికి ఏదో ఒకటి ఇవ్వడం కాదమ్మా, చెయ్యడానికి ఇవ్వాలి. పడవకి పేరు పెట్టమందాం," అన్నారు.

పెట్టమన్నాం. ఈ ఏడాదిలో ఎప్పుడూ లేనంత సందడి. పిల్లలు బొమ్మలు వేసి పంపారు. సుభాషిణి గారని రిటైరైన టీచరు ఒకావిడ ఉన్నారు. రోజూ పొద్దున్నే మాకు శుభోదయం రాస్తారు, తుపాను రోజుల్లో నిద్రపోకుండా మా పేజీ చూస్తూ కూర్చుంటారు. ఆవిడ తన వీధి పిల్లలందరినీ కూడగట్టి ఓట్లు వేయించారు. 'గంగ', 'ధైర్యం' లాంటి పేర్లు వెనకబడ్డాయి. 'బుజ్జి' గెలిచింది.

రెయిలింగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న దానయ్య మావకు చెప్పాను. బీడీ ఆర్పి నా వైపు తిరిగాడు.

"సముద్రంలో పీక మీదికి నీలొచ్చినోడి కాడికెల్లి, బుజ్జి ఒచ్చింది నాయినా అని సెప్పాలా?"

"వచ్చింది కదా మావా, పేరేదైతేనేం."

"అదీ నిజిమే," అని తనే రంగు డబ్బా తెచ్చి పడవ పక్కన ఆ రెండక్షరాలూ రాశాడు. నేను తీశాను. నవ్వమంటే నవ్వాడు. ముల్లు ముప్పావుకు లేచింది. ఆ రంగు ఆరకముందే రొయ్యల బుట్టలతో బోల్తాపడిన ఇద్దరు ఆడవాళ్ళను తీసుకొచ్చాం. బుజ్జి బాగానే పరిగెత్తింది.


ఆషాఢం. ఈదురుగాలి.

పడవ ముందు భాగాన కెమెరా బిగించాం. పిలుపు రాగానే లైవ్ మొదలుపెట్టాలని కొత్త పద్ధతి. తోడులో సలహాలిచ్చే గొంతు ఒకటుంటుంది, మనిషిది కాదు. లైవ్ మొదలయ్యాక జనం చేరేదాకా కొంచెం ఆగి బయల్దేరితే బాగుంటుందని అది చెప్పింది.

"కొంచెం అంటే?" అని అడిగాడు మావ.

"వాళ్ళు వచ్చేదాకా," అన్నాను.

"ఆళ్ళొచ్చీదాకా కెరటం ఆగుతాదా?"

ఆగలేదు మేం. మావ తాడు విప్పేశాడు. మధ్యలో చేరినవాళ్ళు చేరారు. విరిగిన తెరచాప కర్రను పట్టుకుని వేలాడుతున్న ఒక ముసలాయన్ని అప్పలకొండ నడుముకు తాడు కట్టుకుని దూకి పట్టుకుంది. ఆయన ఒడ్డెక్కగానే అడిగిన మొదటి మాట, "నా చెప్పు ఒకటి పోయింది, చూశారా?" అని. మెట్ట మీద అందరూ నవ్వారట, ఏడ్చారట. సుభాషిణి గారు, "మీరంతా మా ఇంటి మనుషులు," అని రాశారు. మొదటిసారి ముల్లు నిండుగా నిలబడింది.

భానోజీ గారు సంతోషంతో తెరలోనే చేతులు జోడించారు. నేనూ సంతోషించాను. అబద్ధమెందుకు, ఆ రోజు నాకు ఈ పని మీద చాలా ప్రేమ కలిగింది.


శ్రావణం. వాయుగుండం.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపటికి దీన్ని చాలామంది చాలా రకాలుగా చెబుతారు.

మధ్యాహ్నం ఒకేసారి రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి ఉప్పు మళ్ళ కూలీల బల్లకట్టు. అడుగు చిల్లుపడింది, నీళ్ళు తోడుతున్నాం, చాలడం లేదని ఒక మనిషి అరుస్తున్నాడు. రెండోది మెట్ట నుంచి విహారానికి వచ్చిన ఒక కుటుంబం పడవ. భార్య, భర్త, పాప, ఒక కుక్కపిల్ల. మోటారు ఆగిపోయింది. లంగరు వేసుకుని ఉన్నారు.

నేను లైవ్ పెట్టాను. ఓటు మాత్రం నేను పెట్టలేదు. రెండు పిలుపులు వినగానే తోడే పెట్టేసింది. 'బుజ్జి ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?' అని ఒక పక్క బల్లకట్టు బొమ్మ, ఇంకో పక్క పాప, కుక్కపిల్ల. ఓట్లు ఎటు పడతాయో వేరే చెప్పనక్కర్లేదు.

విహారం పడవాయన రేడియోలో ఉన్నాడు. దానయ్య మావ ఆయన్నే అడిగాడు. "బాబూ, లంగరు పట్టుకున్నాదా?"

"పట్టుకుంది. ఊగుతున్నాం గానీ మునగం. ఆ కూలీల గొంతు మాకూ వినిపిస్తోంది. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి," అన్నాడాయన. నేను నా చెవులతో విన్నాను.

"ఇన్నావు గదా నీలమ్మా," అన్నాడు మావ.

"విన్నాను. కానీ ఓటు అటు పడుతోంది మావా. రేడియో మాట లైవ్‌లో వెళ్ళడం లేదు, గాలి హోరే వెళ్తోంది."

"ఓటేసినోలు ఇక్కడున్నారా?"

అప్పలకొండ కెమెరా ఊడబీకి గోనెసంచిలో పడేసింది. బుజ్జి బల్లకట్టు వైపు వెళ్ళింది.

కూలీలందరినీ ఎక్కించుకునేసరికి బల్లకట్టు మునిగిపోయింది. వాళ్ళను రేవులో దింపి, అదే పరుగున విహారం పడవ దగ్గరికి వెళ్ళారు. ఆ కుటుంబం మొత్తం క్షేమం. కుక్కపిల్ల అప్పలకొండ జాకెట్‌లో తల దూర్చుకుని వచ్చింది. రేవంతా మనుషులు. అందరికీ గంజి కాచాం. తడిసిన కూలీ ఒకాయన పాపను ఎత్తుకుని ఆడించాడు.

ఒక్క ప్రాణం కూడా పోలేదు.


శ్రావణం. వాన వెలిసింది.

"మమ్మల్ని అడిగి, మా మాట కాదన్నారు."

"పాప ఏడుస్తుంటే కెమెరా ఎందుకు ఆపారు? ఏం దాచారు?"

"మా కరెంటుతో నడిచే పడవ మా మాట వినదా?"

పొద్దుటి నుంచి పేజీ నిండా ఇవే. అందరూ బతికారని రాశాను. ఫోటోలు పెట్టాను. అవి నిజమైనవో కాదో అన్నారు. విహారం పడవాయన స్వయంగా, తనే అలా వెళ్ళమన్నానని రాశాడు. ఆయన చేత మేం రాయించామన్నారు. పాప నవ్వుతున్న వీడియో కూడా పెట్టాను. దాన్ని ఎవరూ పెద్దగా చూడలేదు. అందరూ బతికి, గంజి తాగి, ఇళ్ళకు వెళ్ళిపోయాక చూడ్డానికేముంటుంది?

మధ్యాహ్నానికి తోడులు జారిపోవడం మొదలైంది. గదిలో కూర్చుని ముల్లు దిగడం చూశాను. సుభాషిణి గారు నాకు విడిగా రాశారు. ఆవిడ మర్యాద తెలిసిన మనిషి. "అమ్మా నీలవేణీ, మీ మీద కోపం లేదు. కానీ మా వీధి పిల్లలు ఓటు వేశారు. తమ ఓటుకి విలువ లేదని వాళ్ళు బాధపడ్డారు. ఇప్పుడు మేమంతా ఏనుగు పిల్లల్ని పెంచే ఒక సంస్థకి తోడు మార్చుకున్నాం. మీకు మంచి జరగాలి."

దానికి మూడుసార్లు జవాబు రాసి చెరిపేశాను. చివరికి ఒక నమస్కారం బొమ్మ పంపాను.


భాద్రపదం. తుపాను.

పిలుపు వచ్చింది. కొవిరి గుంట వైపు నుంచి. ముగ్గురు అన్నదమ్ములు, వలకు వెళ్ళి చిక్కుకున్నారు.

బుజ్జి మోటారు తిరిగింది, మూలిగింది, ఆగిపోయింది. బ్యాటరీల్లో కరెంటు లేదు. దానయ్య మావ, అప్పలకొండ తెడ్లు వేసుకుని బయల్దేరారు. అంత బరువు పడవను ఆ గాలిలో తెడ్లతో ఎవరు తోయగలరు? కెరటం రెండుసార్లు వాళ్ళను ఫ్లైఓవర్ స్తంభానికేసి కొట్టింది. అప్పలకొండ మణికట్టు విరిగింది.

రేడియో నా ముందు ఉంది. పెద్దవాడు మాట్లాడుతూనే ఉన్నాడు. మొదట సాయం అడిగాడు. తర్వాత దానయ్య మావ పేరు పెట్టి పిలిచాడు. వాళ్ళు ఆయనకు తెలిసినవాళ్ళే. తర్వాత తమ్ముళ్ళతో మాట్లాడుకున్నాడు, నాతో కాదు. ఆ మాటలు ఇక్కడ రాయను.

మావ తడి బట్టలతో వచ్చి నా పక్కన కూర్చుని రేడియో ఆగిపోయేదాకా విన్నాడు.


భాద్రపదం. గాలి తగ్గింది.

భానోజీ గారు తెరలోకి వచ్చారు. గడ్డం మాసింది. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరెవరి దగ్గరికో తిరిగి వచ్చారు.

"మనకి తోడు ఇచ్చి తీసేసినవాళ్ళంతా కలిసి మద్దతుదారుల సభ పెట్టుకున్నారు, వాళ్ళతో మాట్లాడాను. తిరిగొస్తారట. రెండు షరతులు. దానయ్య లైవ్‌లో క్షమాపణ చెప్పాలి. ఇకమీదట సభలో సగంమంది సమ్మతి ఇచ్చాకే పడవ కదలాలి. ఒక్కసారి తప్పినా మళ్ళీ రారు."

"ఆయన చెప్పరు సార్," అన్నాను. "అందర్నీ బతికించినందుకు క్షమాపణా?"

"సెప్తాను," అన్నాడు వెనక నుంచి దానయ్య మావ.

"మావా!"

"ఆ ముగ్గురూ నా వల్లే పోనారు నీలమ్మా. ఆ పొద్దు నాను ఆ ఓటు ఇనుంటే బాటరీలు నిండుగుండును."

"ఓటు వినుంటే కూలీలు పోయేవాళ్ళు కదా!"

"ఎటెల్లినా ఎవుడో ఒకడు పోతాడు. కరెంటు ఉంటే మిగతావోలు మిగుల్తారు. పెట్టు ఆ కెమెరా."

మణికట్టుకు కట్టు కట్టుకున్న అప్పలకొండ బయటికి వెళ్ళిపోయింది. నేను కెమెరా పెట్టాను. ఎండ సరిగ్గా మొహం మీద పడేలా ఆయన్ని కొంచెం పక్కకు జరిపాను. చేతికి అలవాటైన పని, చేసేసింది.

ఆయన చేతులు కట్టుకుని నిలబడి, తనకు రాని పుస్తకాల భాషలో, భానోజీ గారు పంపిన మాటలు ఒక్కొక్కటే చదివాడు. 'మద్దతుదారుల మనోభావాలు' అన్న చోట నోరు తిరగక మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అలా తడబడటం వాళ్ళకు బాగా నచ్చింది. నిజమైన మనిషి, నిజమైన పశ్చాత్తాపం అన్నారు. మా పేజీ పుట్టాక ఎవరూ అంత చూడలేదు. సుభాషిణి గారు తిరిగి వచ్చారు. పిల్లల చేత 'క్షమించాం తాతా' అని రాయించి పంపారు.

ముల్లు నిండింది.


ఆశ్వయుజం. పొద్దున ఎండ, తర్వాత కొత్త తుపాను.

భోజనాల వేళకు పిలుపు వచ్చింది. ఆడమనిషి గొంతు. పేరు బంగారమ్మ అంది. తనూ, మొగుడు పైడిరాజూ కొబ్బరికాయల పడవలో ఉన్నారు. పడవ పక్కకు ఒరిగిపోయింది, ఆయన కాలు కింద ఇరుక్కుంది. చోటు చెప్పింది. దగ్గరే.

బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. లైవ్ పెట్టాను. సమ్మతి కోరుతూ, సభలో అందరి ఫోన్లలో మోగే గంట కొట్టాను. కెమెరా ముందు నిలబడి, నా గొంతులోని వణుకు కూడా ఎక్కడ వినిపిస్తే బాగుంటుందో చూసుకుంటూ, పరిస్థితి చెప్పాను.

ఎవరూ రాలేదు. పదిమంది, ఇరవైమంది. మళ్ళీ గంట కొట్టాను. అప్పుడు ఆ కొద్దిమందిలో ఒకరు రాశారు. ఇవాళ ఒక సినిమా నటి పెళ్ళట. మెట్ట మీద అందరూ అదే చూస్తున్నారట. తలంబ్రాల సమయమట.

దానయ్య మావ సుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు. అప్పలకొండ ఒంటి చేత్తో తాడు పట్టుకుని ఉంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"ఏటంటన్నారు ఆళ్ళు?" అని అడిగాడు మావ.

ఆయన నోటి నుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"ఏమీ అనడం లేదు. పెళ్ళి చూస్తున్నారు. పోదాం పద మావా."

"ఆగు."

"ఆమె పిలుస్తోంది!"

"ఇనపడతన్నాది." ఆయన చేతులు సుక్కాని మీద బిగుసుకుపోయి ఉన్నాయి. "ఎల్తే మల్లీ ఆరిపోతాది. ఒచ్చే కార్తీకం అంతా తుపాన్లే. ఎంతమంది పిలుస్తారు? మల్లీ ఆ రేడియో కాడ కూకోలేను నీలమ్మా. నా వల్ల గాదు."

అప్పలకొండ తాడు ముడి విప్పింది. ఆయన వంగి, ఆమె చేతి నుంచి తాడు తీసుకుని, మళ్ళీ రెయిలింగుకు కట్టాడు.

రేడియోలో బంగారమ్మ, "అమ్మా, బయిల్దేరినారా?" అంది.

"బయల్దేరాం," అన్నాను.

తర్వాత కూడా రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వస్తున్నామనే చెప్పాను. "ఒచ్చేస్తన్నారంట, నువ్వు ఊపిరి పట్టుకో," అని ఆమె తన మొగుడితో చెప్పడం వినిపించింది. నేను గంట కొడుతూనే ఉన్నాను. పెళ్ళి అయిపోయింది కాబోలు, ఉన్నట్టుండి జనం వచ్చి పడ్డారు. సమ్మతి, సమ్మతి, సమ్మతి. పువ్వులు, దండం పెట్టే చేతులు, 'త్వరగా వెళ్ళండి' అని పెద్ద అక్షరాలు.

బుజ్జి వెళ్ళింది. కెమెరా తిరుగుతూనే ఉంది. బంగారమ్మ పడవ అంచు మీద పడుకుని, నీళ్ళలోకి చెయ్యి చాచి, మొగుడి తల పట్టుకుని ఉంది. నీళ్ళు ఆయన మొహం దాటి ఎంతసేపైందో ఆమెకు తెలిసినట్టు లేదు. అప్పలకొండ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది. అదంతా లైవ్‌లో వెళ్ళింది.


ఆశ్వయుజం. ఆకాశం శుభ్రంగా ఉంది.

రాత్రి నుంచి తోడులు ఆగకుండా వస్తున్నాయి. ఏడ్చినవాళ్ళు, తమవాళ్ళకు చెప్పినవాళ్ళు, వాళ్ళు మళ్ళీ ఇంకొకరికి చెప్పినవాళ్ళు. ఈ నెలకు మాదే మేటి పేజీ అని తోడు ప్రకటించింది. సలహా గొంతు కూడా చాలా మెచ్చుకుంది.

పొద్దున బ్యాటరీ గది నుంచి కాలిన వాసన వచ్చింది. ముల్లు చివరికి వెళ్ళి కొట్టుకుంటోంది. అంత కరెంటు పట్టే చోటు మా దగ్గర లేదు. దేనికో ఒకదానికి వాడకపోతే బ్యాటరీలు పేలిపోతాయని భానోజీ గారు కంగారుపడ్డారు. అందుకని ఫ్లైఓవర్ మీది దీపాలన్నీ వేశాం. వీధి స్తంభాలు, పడవ దీపం, వంటగదిలో బల్బు, తుపానుకు వాడే పెద్ద లైట్లు, ఏదీ వదల్లేదు. పట్టపగలు, మండే ఎండలో, అన్నీ వెలుగుతున్నాయి.

వాటి కిందే పైడిరాజును చాప మీద పడుకోబెట్టాం. తీసుకెళ్ళడానికి ఆయన బంధువులు పడవలో రావాలి. బంగారమ్మ పక్కనే కూర్చుని ఉంది. అప్పలకొండ ఇచ్చిన పొడి చీర కట్టుకుంది. ఇచ్చిన టీ తాగలేదు. దానయ్య మావ బుజ్జిలో, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

బంగారమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"పట్టపగలు ఈ లైట్లెందుకమ్మా ఏసినారు?"

"కరెంటు ఎక్కువైపోయిందమ్మా," అన్నాను.

"ఎక్కువైపోనాదా." కాసేపు ఆ లైట్ల వంకే చూసింది. "మరి నిన్న బేగి రాలేదేటి?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. తెలిస్తే తప్ప ఆయన్ని తీసుకెళ్ళలేనట్టు అడిగింది. మావ వీపు కదల్లేదు. చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఎక్కడా నవ్వు పెట్టకుండా, ఆశ పెట్టకుండా చెప్పాను. సమ్మతి గురించి, గంట గురించి, కట్టేసి ఉన్న తాడు గురించి, నేను వస్తున్నామన్నప్పుడల్లా మేం ఎక్కడున్నామో, అంతా. మెట్ట మీద జనం పెళ్ళి చూస్తూ ఉండిపోయారని కూడా చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూస్తూ మొత్తం విన్నది. నేను ఆగాక, మొగుడి మొహం మీద వాలిన ఈగను కొంగుతో తోలింది.

"ఎవుల పెల్లి?" అని అడిగింది.